చలికాలపు లోకోక్తులు : వాని యథార్థత

కాలమును గూర్చిన సామెతలు తెలుగులో ఒక పెద్ద తరగతి. 1868లో కెప్టెన్ కార్ ప్రకటించిన ఆంధ్రలోకోక్తిచంద్రిక మొదలు నేటివరకు వెలువడిన సంకలనములలో ఇట్టివి పెక్కులు చేరినవి. అయినను సంకలనములందు సామెత ఉండునుగాని, అది ఏ సీమలో, ఏ మాసమున, ఎవరినోట వినబడినదో సాధారణముగా ఉండదు. ఈ లోపమువలన వానకాలపు సామెతలకు కలిగిన నష్టముకంటె చలికాలపు సామెతలకు కలిగిన నష్టమే అధికము. వాన కురిసినదా లేదా యనునది ఎల్లరకును తెలియును. చలి యెంత, పొద్దెంత యనునవి కొలిచిననేగాని తెలియవు.

ఈ సామెతలను గూర్చి మన పరిశోధక విద్యార్థులు రెండు విధములైన తీర్పులు చెప్పుచున్నారు. పూర్వుల అనుభవమునుండి పుట్టినవి కావున ఇవియెల్ల శాస్త్రసమ్మతములని కొందరు వ్రాయుదురు. ప్రాసకొరకు కూర్చిన మాటలేగాని వీనియందు సారము లేదని మరికొందరందురు. ఈ రెండు తీర్పులును సామెతలను పరీక్షింపకయే చెప్పబడుచున్నవి. పరీక్షకు వలసిన సామగ్రియో దుర్లభము కాదు. పంచాంగమును, సూర్యోదయాస్తమయ పట్టికయు, వాతావరణ శాఖవారి సగటులును ఉన్నచో చాలును. కొన్ని ప్రసిద్ధములైన సామెతలను ఈ విధముగ పరీక్షించి, వానిలో నిలుచునవేవో నిలువనివేవో చూపుట ఈ వ్యాసమున కుద్దేశము.

పరీక్షకు ముందు వానిని మూడు తెగలుగా విభజింపవలెను. కాలస్వభావమును వర్ణించునవి మొదటి తెగ. నేటి గుర్తునుబట్టి రేపటి వానను చెప్పునవి రెండవ తెగ. చలికాలపు గుర్తులనుబట్టి రాబోవు వర్షకాలమును చెప్పునవి మూడవ తెగ. ఈ మూడింటిని ఒకే త్రాసున తూచుటయే పైని చెప్పిన పొరపాటు తీర్పులకు మూలము.

పొద్దు

“మార్గశిరాన మాటలాడ పొద్దుండదు, పుష్యాన పూసగుచ్చ పొద్దుండదు” అనునది మొదటి తెగలోనిది. హైదరాబాదున డిసెంబరు 21, 22 తేదీల పగటి నిడివి సుమారు 11 గంటల 5 నిమిషములు. జూన్ మూడవ వారమున అది సుమారు 13 గంటల 10 నిమిషములు. కావున మనకు అతిదీర్ఘమైన పగటికిని అతిహ్రస్వమైన పగటికిని గల భేదము రమారమి 2 గంటలు మాత్రమే. లండను నగరమున ఈ భేదము దాదాపు 9 గంటలు. అచ్చటివారు పొద్దు చాలదనుట సహజము. పదునొకండు గంటల పగలుగల మనవారు మాటలాడుటకు పొద్దు లేదనుట అతిశయోక్తివలె కన్పట్టును.

ఇచట రెండు విషయములు గమనింపదగినవి. మొదటిది, నవంబరు చివరివారము మొదలు సంక్రాంతివరకు సుమారు ఏడు వారములలో మన పగటి నిడివి ఎనిమిది పది నిమిషములకు మించి మారదు. అనగా హ్రస్వమైన పగళ్లు ఏ ఒక్కదినమునకో చెందినవి కావు. అవి మార్గశిర పుష్యములను రెంటిని వ్యాపించి యున్నవి. సామెత ఈ రెండు మాసములను జంటగా చెప్పుట సరియైనదే. రెండవది, ఆ రెండు మాసములును మన పల్లెలలో సార్వా వరి కోతలకు, కుప్పలకు, నూర్పిళ్లకు పట్టు. పని హెచ్చుగానున్నపుడే పగలు తక్కువ. అంతేకాదు, మంచు ఆరినదాక కోసిన పనలను కట్టుటకుగాని కుప్ప వేయుటకుగాని వీలులేదు. ఉదయమున రెండు గంటలకు తక్కువ కాకుండ కాలము ఇట్లు వ్యర్థమగును. పట్టికలోని పదునొకండు గంటలు రైతు చేతికి తొమ్మిదియై వచ్చును. సామెత గడియారమునుబట్టి చెప్పిన మాట కాదు, పనినిబట్టి చెప్పిన మాట యని గ్రహించినచో దానియందలి అతిశయోక్తి చాలవరకు తగ్గును.

దీనితో చేరిన ప్రతీతి యింకొకటి కలదు. సంక్రాంతినుండి పొద్దు పెరుగునని మనవారందురు. డిసెంబరు 22 నుండియే పగలు పెరుగుచుండగా సంక్రాంతివరకు పెరుగుదల లేదనుట తప్పుగదా యని ఆక్షేపింపవచ్చును. కాని పట్టిక చూచినచో వేరొక విశేషము తెలియును. హైదరాబాదున అన్నిటికంటె ముందుగా సూర్యుడస్తమించునది డిసెంబరులో కాదు; నవంబరు చివరివారమున, సాయంకాలము 5 గంటల 40 నిమిషముల ప్రాంతమున. అన్నిటికంటె ఆలస్యముగా ఉదయించునది జనవరి మూడవ వారమున, 6 గంటల 49 నిమిషముల ప్రాంతమున. భూమి కక్ష్య పూర్ణవృత్తము కాకుండుటచేతను, దాని అక్షము వాలి యుండుటచేతను డిసెంబరు మాసమున మధ్యాహ్నకాలము గడియారమున దినదినమునకు సుమారు అరనిమిషము వెనుకకు జరుగును. ఉత్తర దేశములలో పగటి నిడివి త్వరితముగా మారును గనుక ఈ జరుగుబాటు అంతగా కనబడదు. మన అక్షాంశములందు పగటి మార్పు స్వల్పము. కావున జరుగుబాటే ప్రధానమై తోచును. తెల్లవారుజామున లేచి పనికిబోవువానికి సంక్రాంతివరకు ఉదయము నానాటికి ఆలస్యమగుచునే యుండును. పొద్దు పెరుగుట అతడు చూచునది సంక్రాంతి తరువాతనే. సామెతలోని సాక్షి గణకుడు కాడు, వేకువనే లేచువాడు.

చలి

“సంక్రాంతికి చలి చంకలెత్తనీయదు”, “శివరాత్రికి చలి శివశివా యని పోవును” అను రెండింటిని కలిపి పరిశీలింపవలెను. చంక శబ్దమును “సంక” యని పలుకు సీమలలో మొదటిదానికి అక్షరసామ్యము పూర్తిగా కుదురును. చంక యన్నను యతిమైత్రి చెడదు. శివరాత్రి, శివశివా యనుచోట ఆ శబ్దసామ్యమే సామెతకు ప్రాణము. శబ్దము ముందా, అర్థము ముందా యను ప్రశ్న ఇచట తప్పక వచ్చును.

హైదరాబాదున డిసెంబరు జనవరి మాసములలో రాత్రి కనిష్ఠోష్ణోగ్రత సగటు 15 డిగ్రీల సెల్సియసు ప్రాంతమున ఉండును. ఫిబ్రవరిలో అది 18 డిగ్రీల ప్రాంతమునకు పెరుగును. మార్చిలో 20 డిగ్రీలు దాటును. కోస్తా పట్టణములందు సముద్రసామీప్యముచే రాత్రి చలి యింకను తక్కువ. సంక్రాంతి అతిశీతల కాలము చివరను, శివరాత్రి చలి తగ్గిన కాలమునను వచ్చుచున్నవి. శబ్దము మాటలను ఎన్నుకొన్నదేగాని క్రమమును తప్పింపలేదు. ప్రాస యొక్కటియే కారణమైనచో తారుమారైన సామెతలు కూడ అంతే సంఖ్యలో పుట్టి యుండవలెను. ప్రాస సామెతను జ్ఞాపకముంచినది; అనుభవము దానిని సరిచూచినది.

అయినను శివరాత్రి సామెతయందు ఒక చిక్కు కలదు. శివరాత్రి చాంద్రమానపు పర్వము. 2018లో అది ఫిబ్రవరి 13న వచ్చినది. 2021లో మార్చి 11న. ఈ రెంటికి నడుమ 26 దినముల అంతరము కలదు. చలి చంద్రునిబట్టి పోదుగదా. కావున ఈ సామెతను తేదీని చెప్పు మాటగా గ్రహింపరాదు; అవధిని చెప్పు మాటగా గ్రహింపవలెను. శివరాత్రి ఎంత ఆలస్యముగ వచ్చినను ఆనాటికి చలి మిగిలి యుండదను అర్థమున అది నిక్కము. ఫిబ్రవరి రెండవ వారముననే వచ్చిన సంవత్సరములలో మాత్రము తెలంగాణమునందును, విశాఖ మన్యమునందును తెల్లవారుజామున చలి శివశివా యనక నిలిచియే యుండును.

“మాఘమాసపు చలికి మ్రాకులు వడకును” అనునది పరీక్షకు అంత సులభముగ నిలువదు. 2024లో మాఘ శుద్ధ పాడ్యమి ఫిబ్రవరి 10న వచ్చినది. 2026లో జనవరి 19న. మన సీమలో ఫిబ్రవరి మధ్యకు పగటి యెండ 30 డిగ్రీలు దాటును. అట్టి మాసమున మ్రాకులు వడకుటెట్లు? దీనికి రెండు సమాధానములు తోచుచున్నవి. మాఘస్నానము సూర్యోదయమునకు ముందు చేయదగినది. దినమున అన్నిటికంటె చల్లని ఘడియలలో చెరువునీటిలో మునుగువాడు ఆ మాసపు చలిని గూర్చి చెప్పిన మాట సగటులకు లొంగదు. రెండవ సమాధానము విచారింపదగినది. ఉత్తర హిందూదేశమున పూర్ణిమాంత మాసగణనము, మనకు అమాంత గణనము. మన పుష్య బహుళ పక్షము వారికి మాఘ కృష్ణపక్షము. కావున వారి మాఘము మన మాఘముకంటె పక్షము ముందే ప్రారంభమగును. గంగా మైదానమున జనవరి అతిశీతలమైన మాసము. మాఘపు చలిని గూర్చిన నానుడులు హిందీ ప్రాంతమున ప్రసిద్ధములు. అట్టి నానుడి వింధ్యను దాటి మనలోనికి వచ్చినచో మాసము పేరు మారక, కాలము మాత్రము పదునైదు దినములు జరుగును. ఈ సామెత అట్లు వచ్చినదని నిశ్చయముగ చెప్పజాలను. కాని ఒక సామెత మన ఋతువుతో సరిపడనపుడు, పూర్వులు పొరపడిరనుటకు ముందు అది ఎచ్చటి ఋతువుతో సరిపడునో చూచుట పరిశోధకుని విధి.

జరుగుచున్న సంక్రాంతి

మన సంక్రాంతులును కార్తెలును నిరయన గణనమును అనుసరించునవి. సూర్యుడు స్థిరనక్షత్రములనుబట్టి ఒక స్థానమునకు మరల వచ్చుటకు పట్టు కాలము, ఋతువులు మరల వచ్చుటకు పట్టు కాలముకంటె సుమారు 20 నిమిషములు అధికము. ఈ భేదము రమారమి 71 సంవత్సరములకు ఒక దినమగును. వివేకానందస్వామి జన్మించిన 1863లో మకర సంక్రాంతి జనవరి 12న వచ్చినది. నేడది జనవరి 14న గాని 15న గాని వచ్చుచున్నది. నన్నయ కాలమున, నేటి తేదీలలో చెప్పవలెనన్న, అది జనవరి 1 ప్రాంతమున వచ్చెడిది. నాటి సంక్రాంతి చలి నడిమధ్య నుండెడిది. నేటిది చలి తుదకు చేరుచున్నది.

కార్తెల విషయమున ఈ జరుగుబాటు మరింత ముఖ్యము. ఒక్కొక్క కార్తె 13 డిగ్రీల 20 కళల ప్రమాణము గలది. అంతదూరము జరుగుటకు సుమారు 950 సంవత్సరములు పట్టును. అనగా నన్నయనాటి విశాఖ కార్తె, ఋతువునుబట్టి, నేటి స్వాతి కార్తె స్థానమున నుండెడిది. చిత్త స్వాతులు అనుకూలించి, విశాఖ విసరకున్నచో అనూరాధకు అడిగినంత పంట నిత్తునని వరి పలికినట్లుగా చెప్పు సామెత రైతు లెల్లరు ఎరిగినదే. నేటి గణనమున విశాఖ కార్తె సుమారు నవంబరు 6 నుండి 19 వరకు. బంగాళాఖాతమున వానకాలము వెనుకవచ్చు తుపానులకు అక్టోబరు నవంబరులు ముఖ్యకాలము. వెన్ను దాల్చిన వరి ఆ గాలికి పడిపోయినచో లేవదు. 1864 నవంబరు 1న బందరును ముంచిన ఉప్పెన స్వాతిలో వచ్చినది. 1996 నవంబరు 6న కోనసీమను కొట్టిన తుపాను విశాఖ ప్రవేశమున వచ్చినది. 1977 నవంబరు 19న సుమారు 10,000 మందిని బలిగొన్న దివిసీమ ఉప్పెన విశాఖ అనూరాధల సంధిలో వచ్చినది. ఈ సామెత భయపడినది నిజమైన దానికే.

ఈ సామెత వెయ్యేండ్లనాటిదని ఎవరైన నన్నచో, అది నాటినుండి యథాతథముగ వచ్చియుండదని చెప్పవచ్చును. నాటి విశాఖ నేటి అక్టోబరు చివరకు సమానము. నాటి పైరు దశయు, నాటి పంట రకములును వేరు. నేటి కార్తెతో నేటి పైరు ఇంతగా సరిపడుటచే సామెత అర్వాచీనమైనను కావలెను, లేక తరతరముల రైతులు దానిని దిద్దుచు వచ్చియుండవలెను. అయితే తుపానుల కాలము ఆరువారములు మించి వ్యాపించునది కావున ఒక కార్తె భేదముచేతనే కాలనిర్ణయము చేయుట సాహసము. భాషాసాక్ష్యముతో కూడినపుడే ఈ సాధనము పనికివచ్చును.

వరదగుడి

రెండవ తెగలోనిది “దూరపు గుడి దగ్గర వాన, దగ్గర గుడి దూరపు వాన” అనునది. చంద్రునిచుట్టు కానవచ్చు పరివేషమునకు వరదగుడి యని పేరు. ఈ సామెతలో రెండు గుడులు చెప్పబడినవి. ప్రకృతిలోను అవి రెండే. ఆరేడు కిలోమీటర్లకు పైబడిన యెత్తున పలుచని తెరవలె వ్యాపించు మేఘములలోని మంచుస్ఫటికములు కాంతిని వక్రీభవింపజేయగా కలుగు వలయము ఎల్లప్పుడును చంద్రునినుండి 22 డిగ్రీల దూరమున నుండును. చేయి చాచి వ్రేళ్లు విప్పినచో బొటనవ్రేలినుండి చిటికెనవ్రేలివరకు గల దూరము సుమారు అంత. తక్కువ యెత్తునగల పలుచని మేఘముల నీటి బిందువులవలన కలుగునది చంద్రుని నంటియే కొలది డిగ్రీల వలయమై కనబడును. మొదటిది దూరపు గుడి, రెండవది దగ్గర గుడి. వాయుగుండము సమీపించునపుడు దానికి ముందు నడచునది ఉన్నతమేఘముల తెర. కావున దూరపు గుడి దగ్గరవానకు సూచకమనుట యుక్తము. దగ్గర గుడికి కారణమైన మేఘములు వాన లేకయే చెదరిపోవుట తరచు.

ఈ సామెత స్వాతినుండి జ్యేష్ఠవరకు, అనగా వాయుగుండముల కాలమున, విలువగలది. పుష్యమాఘములలో ఉన్నతమేఘములు పలుమారులు పడమటినుండి మన సీమమీదుగా సాగిపోవును. వానిచే గుడి కట్టినను వాన రాదు. సామెత సంకలనమున చేరునప్పటికి ఈ కాలనియమము జారిపోయినది. రైతు ఏ మాసమున ఈ మాట చెప్పునో సంకలనకర్త వ్రాసికొని యుండినచో ఈ సందేహమే కలుగదు.

మబ్బు కమ్మిన రాత్రి చలి తక్కువయనియు, మంచు దట్టముగ కురిసిన నాటి పగలు ఎండ తీక్ష్ణమనియు రైతులు చెప్పుదురు. ఇవి నిస్సందేహములు. నిర్మలమైన రాత్రి నేల తన వేడిమిని ఆకాశమునకు విడిచి చల్లబడును. మబ్బు ఆ వేడిమిని మరల నేలకు పంపును. మంచు కురియుటకు నిర్మలాకాశము కావలెను. ఆ నిర్మలాకాశమే పగటి యెండకును కారణము.

మేఘగర్భము

మూడవ తెగ శాస్త్రగ్రంథములతో సంబంధము గలది. ఆరవ శతాబ్దివాడైన వరాహమిహిరుడు బృహత్సంహితలో గర్భలక్షణమునకు ఒక అధ్యాయము కేటాయించెను. మార్గశిర శుద్ధమునుండి మేఘములు గర్భము ధరించుననియు, 195 దినములకు ప్రసవించి వర్షించుననియు అందలి సిద్ధాంతము. శుక్లపక్షపు గర్భము కృష్ణపక్షమునను, పగటి గర్భము రాత్రియందును, తూర్పున పుట్టినది పడమటను ప్రసవించును. చంద్రుడు మాత్రము గర్భధారణమునాటి నక్షత్రమునందే యుండును.

ఈ 195 ఎచ్చటిది? దానిని తిథులుగా గణించినచో సరిగా ఆరున్నర చాంద్రమాసములు. ఆరు మాసములకు అదే పక్షము మరల వచ్చును. అరమాసము చేర్చినచో పక్షము తారుమారగును. ఆరున్నర చాంద్రమాసములు సుమారు 192 దినములు. చంద్రుడు నక్షత్రచక్రమును ఏడుమార్లు చుట్టుటకు పట్టు కాలము సుమారు 191 దినముల ఆరు గంటలు. కావున నక్షత్రము దాదాపు అదియే, పక్షము మాత్రము వేరు. పుష్య బహుళ గర్భము శ్రావణ శుద్ధమున ప్రసవించునని చెప్పుటయు ఈ లెక్కతో సరిపడుచున్నది. పక్షము, దిక్కు, పగలు రాత్రి అన్నియు వ్యత్యస్తములగుటకు కావలసిన సంఖ్య యిది. చూచి తెలిసికొన్న సంఖ్య ఇంత సౌష్ఠవముతో ఉండుట అరుదు. ఇది పంచాంగగణితమునుండి పుట్టినదని నా అభిప్రాయము.

కృషిపరాశరమున పుష్యమాసమును రెండున్నర దినముల చొప్పున పండ్రెండు భాగములు చేసి, ఒక్కొక్క భాగపు గాలినిబట్టి ఒక్కొక్క మాసపు వానను చెప్పు పద్ధతి కలదు. యూరపులో క్రిస్మసు మొదలు పండ్రెండు దినములను పండ్రెండు మాసములకు ప్రతీకలుగా చూచు ఆచారము ఇట్టిదే. రెండుచోట్లను దారి చూపినది పండ్రెండను సంఖ్య. ఒక నాటి వాతావరణమును వివరముగ ముందు చెప్పగల అవధి సుమారు రెండు వారములేయని నేటి శాస్త్రజ్ఞుల నిర్ణయము. దినమునకు దినము, పక్షమునకు పక్షము జతపరచు నియమములు అందుచే నిలువవు.

అట్లని చలికాలమునకును వర్షకాలమునకును సంబంధము వెదకుటయే వెర్రియనరాదు. భారత వాతావరణ శాఖ ప్రథమాధిపతి బ్లాన్‌ఫర్డ్ హిమాలయములపై కురిసిన మంచునుబట్టి వర్షకాలమును ఊహింపవచ్చునని 1884లో ప్రతిపాదించెను. 1886 నుండి ఆ ఆధారమున సూచనలు వెలువడినవి. అటుపిమ్మట గిల్బర్ట్ వాకర్ ఆ ప్రయత్నమునే ప్రపంచవ్యాప్తముగ సాగించి దక్షిణ మహాసముద్రముల వాయుపీడనపు ఊగులాటను కనుగొనెను. వరాహమిహిరుని ప్రశ్నయు వారి ప్రశ్నయు ఒక్కటియే. ఉత్తరమును సరిచూచు పద్ధతి వేరు: వారు తప్పిన సంవత్సరములను కూడ లెక్కించిరి.

ఉపసంహారము

కాలస్వభావమును చెప్పు సామెతలు చాలవరకు నిక్కములు. చెప్పువాని పనియు, అతడు నిలిచిన చోటును తెలిసినగాని వాని నిక్కము బయటపడదు. రేపటి వానను చెప్పునవి తమ కాలమునందు నిక్కములు, కాలము తప్పినచో కావు. దూరభవిష్యత్తును చెప్పునవి సంఖ్యాకల్పనలు. సాహిత్యచరిత్రకు, జ్యోతిశ్శాస్త్రచరిత్రకు వాని విలువ గొప్పది, వ్యవసాయమునకు స్వల్పము.

క్షేత్రమునకు పోవు విద్యార్థులు సామెతతోపాటు నాలుగు విషయములు వ్రాసికొనవలెనని కోరుచున్నాను. చెప్పినవారి యూరు, వారి వృత్తి, చెప్పిన తేదీ, ఆ సామెత తప్పిన సంవత్సరము వారికి జ్ఞాపకమున్నదా యను ప్రశ్నకు వారి సమాధానము. ఈ నాలుగవదానిని సాధారణముగ ఎవరును అడుగరు. అడిగినచో రైతు విసుగుకొనడు. ఏ యేడు శివరాత్రి దాటినను చలి వదలలేదో, ఏ యేడు విశాఖ విసరి కుప్పలు లేకుండ పోయినవో అతనికి బాగుగ జ్ఞాపకముండును. ఆ సమాధానములు చేరినప్పుడే మన సామెతల సంకలనములు పరీక్షకు నిలుచు గ్రంథములగును.